కాపు దిగాక కారు బేరం: ధర కన్నా వడ్డీయే బరువు

నూజివీడు: కోతలు ముగింపుకు వచ్చి, ఉత్తరాదికి వెళ్లే లారీల సంఖ్య తగ్గి, కమీషన్ కొట్లలో ఖాతాలు తేలే జూన్ నెలాఖరు ఈ ప్రాంతంలో రొక్కం కదిలే కాలం. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు తోటల రైతులకు బాకీలు చెల్లించి, ప్యాకింగ్ కూలీల లెక్కలు చూసి, గత ఏడాది తెచ్చిన అప్పులు తీర్చిన తర్వాత మిగిలిన సొమ్ముతో వర్తకుడు ఇల్లు మరమ్మతు చేయిస్తాడు, బంగారం కొంటాడు, లేదా కారు బేరం మొదలుపెడతాడు. బంగినపల్లి, చిన్నరసం, తోతాపురి ధరలను పైసల్లో తూచి చెప్పగల వర్తకుడు కూడా కారు విషయంలో షోరూం వారు చెప్పిన అంకెకు కొంత తగ్గించమని అడిగి ఊరుకోవడం మామూలే.

కారు ధరలో నిజానికి రెండు ధరలు ఉంటాయి. ఒకటి బండి ధర. రెండవది ఆ బండికి కట్టే రూపాయి ధర. మొదటి దానిపై పన్నులు, తగ్గింపులు, కొనే నెల ప్రభావం చూపుతాయి. రెండవ దానిని నిర్ణయించేది డిసెంబరులో తోటలకు బయానాలు ఇచ్చే వేళ వర్తకుని చేతిలో ఎంత రొక్కం మిగిలి ఉన్నదనే సంగతి. మొదటి ధరలో పాతిక వేలు తగ్గించుకుని రెండవ దానిలో లక్ష పోగొట్టుకోవడం కష్టమేమీ కాదు.

పన్ను ఎంత తగ్గింది?

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు కార్లపై 28 శాతం పన్ను, దానిపై పరిహార సెస్సు విధించారు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజను గల పెట్రోలు కారుకు సెస్సు 1 శాతం. అంతే పొడవు, 1500 సీసీ లోపు డీజిలు కారుకు 3 శాతం. పెద్ద ఎస్‌యూవీలకు సెస్సు తర్వాత 22 శాతానికి చేరింది. అంటే చిన్న పెట్రోలు కారుపై మొత్తం 29 శాతం, పెద్ద బండిపై 50 శాతం భారం పడేది.

2025 సెప్టెంబరు 22 నుంచి ఈ లెక్క మారింది. పైన చెప్పిన కొలతల లోపు చిన్న కార్లపై పన్ను 18 శాతానికి, పెద్ద కార్లపై 40 శాతానికి వచ్చింది. కార్లపై సెస్సు ఎత్తివేశారు. విద్యుత్ కార్లపై 5 శాతం రేటు అలాగే ఉంచారు.

ఉదాహరణకు, పన్నులకు ముందు రూ. 6,20,000 విలువ చేసే చిన్న పెట్రోలు కారును తీసుకోవచ్చు. పాత రేటులో దాని షోరూం ధర రూ. 7,99,800. కొత్త రేటులో రూ. 7,31,600. తేడా రూ. 68,200. లాభం అంతటితో ఆగదు. రాష్ట్ర ప్రభుత్వం వసూలు చేసే లైఫ్ టాక్సును బండి ధరపై శాతంగా లెక్కిస్తారు కాబట్టి, ధర తగ్గితే అదీ తగ్గుతుంది. 14 శాతం చొప్పున పాత ధరపై రూ. 1,11,972 అయ్యే లైఫ్ టాక్సు కొత్త ధరపై రూ. 1,02,424 అవుతుంది. రెండూ కలిపి మిగులు రూ. 77,748. రిజిస్ట్రేషన్ రుసుములు, సెస్సులు, ఇన్సూరెన్సు వేరు.

మీటరు కొలత, ఇంజను కొలత రెండూ నెరవేరితేనే 18 శాతం వర్తిస్తుంది. పొడవు సరిపోయినా ఇంజను 1200 సీసీ దాటిన పెట్రోలు కారు 40 శాతం గూటిలో పడుతుంది. బయటికి ఒకేలా కనిపించే రెండు రకాల మధ్య లక్ష రూపాయల పైగా తేడా రావడానికి తరచు ఇదే కారణం. బేరానికి ముందు ఇంజను సామర్థ్యం అడిగి రాసుకోవడం మంచిది.

పది లక్షల గీత

లైఫ్ టాక్సు శ్లాబులను 2021 చివర రాష్ట్ర శాసనసభ సవరించింది. ఆ సవరణ ప్రకారం రూ. 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 5 నుంచి 10 లక్షల వరకు 14 శాతం, 10 నుంచి 20 లక్షల వరకు 17 శాతం, 20 లక్షలు దాటితే 18 శాతం. ఆదాయపు పన్నులో మాదిరి గీత దాటిన సొమ్ముకు మాత్రమే పెద్ద రేటు వేయరు. మొత్తం ధరపై పడుతుంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడవచ్చు. రూ. 9,90,000 కారుపై లైఫ్ టాక్సు రూ. 1,38,600. రూ. 10,10,000 కారుపై రూ. 1,71,700. ధర పెరిగింది ఇరవై వేలు, పన్ను పెరిగింది రూ. 33,100. ఒక రంగు కోసమో, పై కప్పు అద్దం కోసమో గీత దాటిన వారికి ఆ అలంకారం యాభై మూడు వేలకు పడుతుంది.

పైగా పది లక్షలు దాటిన కారు అమ్మేటప్పుడు డీలరు మొత్తం ధరపై 1 శాతం ఆదాయపు పన్ను ముందస్తుగా వసూలు చేయాలి. 2016 జూన్ 1 నుంచి ఈ నిబంధన ఉన్నది. పై ఉదాహరణలో అది రూ. 10,100. ఇది అదనపు ఖర్చు కాదు, కొన్నవారి పాన్ పద్దులో జమ పడుతుంది. రిటర్ను దాఖలు చేసేటప్పుడు కట్టవలసిన పన్నులో తగ్గించుకోవచ్చు, పన్ను లేకపోతే వాపసు కోరవచ్చు. రిటర్నులో చూపని వారి సొమ్ము మాత్రం అక్కడే ఉండిపోతుంది.

ఏ నెలలో కొనాలి?

సరుకు వ్యాపారంలో వలెనే కార్ల వ్యాపారంలోనూ తేజీ, మందీ ఉన్నాయి. దసరా, ధనత్రయోదశి, ఉగాది ముందు గిరాకీ ఎక్కువ. ఆ రోజుల్లో డీలరు ధర దించవలసిన అవసరం తక్కువ. ఆషాఢంలో తెలుగునాట కొత్త వాహనం ఇంటికి తెచ్చేవారు తగ్గుతారు. గోదాములో బండ్లు నిలుస్తాయి, వాటిపై డీలరు కట్టే వడ్డీ నడుస్తూనే ఉంటుంది. జూన్ చివరనో జూలైలోనో మొదలయ్యే ఈ మాసం మామిడి వర్తకుని చేతిలో రొక్కం ఆడే రోజులకు దాదాపుగా కలిసి వస్తుంది. ఆషాఢంలో బేరం కుదిర్చి, బిల్లు రాయించి, శ్రావణంలో మంచి రోజు చూసి బండి తెచ్చుకోవడానికి సాధారణంగా డీలర్లు అభ్యంతరం చెప్పరు.

రెండవ మందీ డిసెంబరు. జనవరిలో ధరలు పెంచడం కార్ల కంపెనీలకు ఆనవాయితీ. అయినా డిసెంబరులో పాత ఏడాది సరుకును వదిలించుకోవాలని డీలర్లు తొందరపడతారు. కాని ఆ తగ్గింపులో ఒక మెలిక ఉన్నది. రిజిస్ట్రేషన్ పుస్తకంలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. డిసెంబరులో తయారైన కారు జనవరి 1 నాటికి ఒక ఏడాది పాత మోడల్‌గా లెక్కకు వస్తుంది. మూడు నాలుగేళ్లలో అమ్మే ఉద్దేశం ఉన్నవారికి ఆ లోటు తగ్గింపును మించిపోవచ్చు. పదేళ్లు వాడుకునే వారికి డిసెంబరు బేరం లాభసాటి. పైగా డిసెంబరు అంటే ఇక్కడ పూత కాలం, తోటల బయానాల కాలం. అప్పుడు కారుకు పెట్టే రూపాయి తోటకు పెట్టవలసిన రూపాయే.

ఏ నెలలో కొన్నా విజయవాడ, గన్నవరం, ఏలూరు వైపు కనీసం ఇద్దరు ముగ్గురు డీలర్ల నుంచి ధర కాగితం రాయించుకోవాలి. కంపెనీ ప్రకటించిన షోరూం ధర రాష్ట్రంలో ఒకటే అయినా రొక్కం తగ్గింపు, పాత కారు మార్పిడి బోనసు, ఉచితంగా ఇచ్చే సామగ్రి ఒక్కొక్కరి వద్ద ఒక్కో రకం. రోడ్డెక్కే వేళకు మొత్తం ఎంత అన్న ఒక్క అంకెనే పోల్చి చూడాలి.

క్యూ పోయింది, లాభం చోటు మారింది

1970లలో కారు కొనడమంటే అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి రెండు మూడు రకాల్లో ఒకదానికి పేరు రాయించి ఏళ్ల తరబడి ఎదురుచూడటం. బుకింగ్ రసీదే సరుకుగా మారిన రోజులవి. కొత్త కారును మరుసటి రోజే ఎక్కువ ధరకు అమ్ముకోగలిగేవారు. 1983లో మారుతి చిన్న కారు కోసం లక్ష మందికి పైగా రూ. 10,000 చొప్పున డిపాజిట్ కట్టారు. ఆ ఏడాది డిసెంబరు 14న మొదటి కారు బయటికి వచ్చినప్పుడు ధర సుమారు రూ. 47,500. ఆ కారు తయారీ 2014 జనవరిలో, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మే నెలలో ఆగిపోయాయి.

అప్పట్లో అమ్మకందారు లాభం సరుకు కొరతలో ఉండేది. ఇప్పుడు కొన్ని గిరాకీ రకాలకు తప్ప ఎదురుచూపు లేదు. పోటీ వల్ల బండిపై మిగిలేది తగ్గింది. దాంతో డీలరు తన రాబడిని ఇన్సూరెన్సు, అప్పు ఏర్పాటు, అదనపు సామగ్రి, పొడిగించిన వారంటీ వంటి పద్దుల్లో వెతుక్కుంటున్నాడు. వర్తకులకు ఇందులో వింత ఏమీ లేదు. కాయ ధరలో మిగలకపోతే ప్యాకింగులోనో రవాణాలోనో చూసుకోవడం ఇక్కడా ఉన్నదే. కనుక కారు బేరం కూడా ఆ పద్దుల్లోనే ఆడాలి.

ఇన్సూరెన్సును డీలరు వద్దే తీసుకోవాలన్న నియమం లేదు. కొత్త కారుకు 2018 సెప్టెంబరు 1 నుంచి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సొంత బండి నష్టానికి బీమా మాత్రం ఒక ఏడాదికి తీసుకుంటే చాలు. బయట రెండు కంపెనీల ప్రీమియం అడిగి ఆ కాగితం చూపితే డీలరు అంకె దిగివచ్చే అవకాశం ఉన్నది. పాత కారు ఉన్నవారు మరచిపోయే సంగతి మరొకటి ఉన్నది. ఏళ్ల తరబడి క్లెయిము చేయనందుకు వచ్చే బోనసు యజమానికి చెందుతుంది, బండికి కాదు. గరిష్ఠంగా 50 శాతం వరకు ఉండే ఈ తగ్గింపును పాత కారు అమ్మేటప్పుడు పత్రం తీసుకుని కొత్త కారు సొంత నష్టం ప్రీమియంపై వాడుకోవచ్చు.

ముప్పావలా వడ్డీ మాయ

ఈ ప్రాంతంలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకోవడం అలవాటు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24 శాతం. కారు అప్పు ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ ప్రతినిధి ‘ముప్పావలా వడ్డీ’ అన్నప్పుడు వర్తకుని చెవికి అది చాలా చవకగా వినిపిస్తుంది. బ్యాంకు 9 శాతం అన్నా, ఆయన నెలకు 75 పైసలన్నా ఒకటే కదా అనిపిస్తుంది.

రెండూ ఒకటి కావు. రూ. 6 లక్షల అప్పును 5 ఏళ్లకు తీసుకుంటే, తగ్గే అసలుపై 9 శాతం వడ్డీ వేసే బ్యాంకు వాయిదా నెలకు రూ. 12,455. అయిదేళ్ల వడ్డీ సుమారు రూ. 1,47,300. అదే 9 శాతాన్ని చివరి నెల వరకు మొత్తం అసలుపై లెక్కగట్టే ‘ఫ్లాట్’ పద్ధతిలో వడ్డీ రూ. 2,70,000, నెల వాయిదా రూ. 14,500. తీర్చేసిన అసలుపై కూడా వడ్డీ కడుతున్నారన్న మాట. తగ్గే అసలు లెక్కలోకి మార్చి చూస్తే ఈ ముప్పావలా వడ్డీ ఏడాదికి దాదాపు 15.7 శాతం, అంటే నూటికి రూపాయీ పావలా పైమాటే. తేడా అయిదేళ్లలో రూ. 1,22,700. షోరూంలో గంటసేపు బతిమాలి తగ్గించుకునే మొత్తం దీని ముందు చిన్నది.

దీనికి తగిన ఆయుధం ఇప్పుడు చేతిలో ఉన్నది. రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. వడ్డీ, రుసుములు అన్నీ కలిపిన వార్షిక రేటు అందులో ‘ఏపీఆర్’ పేరుతో ఒక్క అంకెగా ఉంటుంది. ముప్పావలా, అర్ధ రూపాయి మాటలు పక్కన పెట్టి ఆ ఒక్క అంకెను బ్యాంకుకూ ఫైనాన్స్ కంపెనీకీ పోల్చి చూడాలి.

రొక్కమా, అప్పా?

అసలు తిరకాసు ఇక్కడే. పై ఉదాహరణలోని కారుకు లైఫ్ టాక్సుతో కలిపి రూ. 8,34,024 అవుతుంది. జూన్‌లో వర్తకుని చేతిలో అంత రొక్కం ఉన్నది. అప్పు లేకుండా కొంటే నిశ్చింత అని పెద్దలు చెబుతారు. ఆ మాట ఉద్యోగికి చెల్లుతుంది. మామిడి వర్తకునికి మరో లెక్క ఉన్నది.

తోట బేరం పూత చూసి ఒకసారి, పిందె చూసి ఒకసారి, కాయ చూసి ఒకసారి సాగుతుంది. ముందుగా బయానా ఇచ్చిన వానికి తోట చవకగా దొరుకుతుంది. డిసెంబరులో రూ. 6 లక్షలు అవసరమైన వర్తకుడు జూన్‌లోనే రొక్కమంతా కారుకు పెట్టేస్తే, ఆ ఆరు లక్షలు బయట తేవాలి. రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలకు ఖర్చు రూ. 72,000. కారును అప్పు లేకుండానే కొన్నాడు. అయితే దాని వడ్డీ తోట పద్దులో పడింది.

అతడే రూ. 2,34,024 చేతి నుంచి కట్టి, మిగిలిన 6 లక్షలు బ్యాంకులో 9 శాతానికి అప్పు తీసుకున్నాడనుకుంటే, మొదటి ఏడాది బ్యాంకు వడ్డీ సుమారు రూ. 50,000. చేతిలో మిగిలిన 6 లక్షల్లో నుంచి డిసెంబరు లోపు ఆరు వాయిదాలకు రూ. 74,730 పోతుంది. ఆ లోటునూ, సీజను వరకు కట్టవలసిన తర్వాతి ఆరు వాయిదాలనూ రెండు రూపాయల వడ్డీకే తెచ్చినా దానికి అయ్యే ఖర్చు సుమారు రూ. 12,700. మొత్తం రూ. 62,700. అంటే రొక్కంతో కొన్న దానికన్నా రూ. 9,300 మిగులు. చేతిలోని సొమ్మును జూన్ నుంచి డిసెంబరు వరకు కరెంటు ఖాతాలో నిద్రపుచ్చకుండా 6 శాతం వచ్చే డిపాజిట్లలో ఉంచగలిగితే మరో రూ. 17,000 వడ్డీ వస్తుంది, డిసెంబరు అప్పు ఆ మేరకు తగ్గుతుంది. అప్పుడు మిగులు రూ. 28,000 దాటుతుంది.

డిసెంబరులో బయట అప్పు తేవలసిన అవసరం లేని వర్తకునికి ఈ లెక్క తిరగబడుతుంది. అతని సొమ్ము డిపాజిట్‌లో 6 శాతం తెస్తుంది, కారు అప్పు 9 శాతం తింటుంది. అతడు రొక్కంతో కొనడమే లాభం. అందువల్ల కారు అప్పు ఖరీదా, చవకా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. డిసెంబరులో తన రూపాయి ధర ఎంతో తెలిసిన వర్తకునికి జవాబు తెలిసినట్లే.

అప్పు తీసుకునే వారు రెండు షరతులు చూసుకోవాలి. ఒకటి, ముందస్తు చెల్లింపు. సీజను బాగుండి జూన్‌లో రొక్కం వస్తే మిగిలిన అప్పు ఒక్కసారిగా తీర్చగలగాలి. మారే వడ్డీ రేటుపై వ్యక్తులు సొంత అవసరానికి తీసుకున్న అప్పులకు బ్యాంకులు ముందస్తు చెల్లింపు రుసుము వేయరాదని 2014లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. స్థిర రేటు అప్పుకు మాత్రం ఒప్పందంలో ఏమి రాసి ఉంటే అదే. సంతకానికి ముందు ఆ వాక్యం చదువుకోవాలి.

రెండవది, వాయిదాల కాలం. బ్యాంకు వాయిదా నెలనెలా వస్తుంది, మామిడి రాబడి మూడు నెలలే వస్తుంది. ఏప్రిల్‌లో ఒక్క గాలివాన చాలు, కాయ నేల రాలుతుంది. వాయిదా తేదీ మాత్రం కదలదు. సీజను ముగిసిన వెంటనే రాబోయే తొమ్మిది నెలల వాయిదాల సొమ్ము, పై లెక్కన రూ. 1,12,095, వేరే ఖాతాలో పెట్టలేని వర్తకునికి ఆ కారు తాహతుకు మించినదని అర్థం. అతడు చిన్న కారుకో, వాడిన కారుకో దిగాలి.

పద్దులో కారు

వ్యాపారానికి వాడే కారుపై ఏటా 15 శాతం తరుగు చూపి ఆదాయపు పన్నులో ఊరట పొందవచ్చు. ఉదాహరణలోని కారుకు మొదటి ఏడాది తరుగు రూ. 1,25,104. అయితే ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే సగమే అనుమతిస్తారు. అంటే అక్టోబరు మొదటి మూడు రోజుల లోపు బండి వాడకంలోకి రావాలి. ఆషాఢంలో బేరమాడి శ్రావణంలో తెచ్చుకున్న వారికి ఈ లాభం పూర్తిగా దక్కుతుంది. డిసెంబరులో కొన్నవారికి సగం దక్కుతుంది. కుటుంబ వాడకం మేరకు ఆఫీసరు కొంత తోసిపుచ్చవచ్చు. అమ్మకంపై ఇంత శాతం లాభమని అంచనాగా చూపే పద్ధతిలో ఉన్నవారికి తరుగు వేరుగా ఇవ్వరు. తోట రాబడి తప్ప మరో ఆదాయం లేని రైతుకు పన్నే లేదు కనుక ఈ ఊరటా లేదు.

కారుపై కట్టిన జీఎస్టీని వ్యాపార పన్నులో తిరిగి పొందవచ్చని కొందరు సలహాలు చెబుతుంటారు. డ్రైవరుతో కలిపి 13 మంది లోపు కూర్చునే ప్రయాణ వాహనానికి మామూలు వర్తకులకు ఆ జమ దక్కదు. సరుకు మోసే వాహనానికి దక్కుతుంది గాని, పచ్చి మామిడికి జీఎస్టీ లేదు, వ్యవసాయ సరుకుపై కమీషన్ సేవకూ లేదు. కట్టవలసిన పన్ను లేని చోట జమ చేసుకునే వీలూ లేదు. కనుక బిల్లులోని జీఎస్టీని పూర్తి ఖర్చుగానే లెక్క వేసుకోవాలి.

రొక్కం విషయంలో జాగ్రత్త అవసరం. ఒక లావాదేవీలో రూ. 2 లక్షలు, ఆ పైన నోట్లుగా పుచ్చుకోవడాన్ని 2017 ఏప్రిల్ 1 నుంచి చట్టం నిషేధించింది. తీసుకున్న వానిపై అంతే మొత్తం జరిమానా పడుతుంది. ఆస్తి కొనుగోలుకు ఒక వ్యక్తికి ఒక రోజులో రూ. 10,000 మించి నోట్లుగా చెల్లిస్తే ఆ సొమ్ముపై తరుగు అనుమతించరు. మార్కెట్లో చేతికి వచ్చిన నోట్లు ముందు బ్యాంకులో పడి, అక్కడి నుంచి డీలరుకు వెళ్లాలి.

చేతులు మారిన కారు

కొత్త కారు చవకగా కావాలంటే అన్నిటికన్నా పెద్ద తగ్గింపు మొదటి యజమాని భరించిన తరుగులో ఉన్నది. ఇన్సూరెన్సు కంపెనీలు బండి విలువ కట్టే పట్టిక దీనికి మంచి కొలబద్ద. ఏడాది దాటి రెండేళ్ల లోపు బండికి 20 శాతం, రెండు నుంచి మూడేళ్లకు 30 శాతం, మూడు నుంచి నాలుగేళ్లకు 40 శాతం, నాలుగు నుంచి అయిదేళ్లకు 50 శాతం తగ్గిస్తారు. రూ. 7,31,600 కారు మూడవ ఏట ఈ లెక్కన రూ. 5,12,120 అవుతుంది. పైగా మొదటి యజమాని కట్టిన లైఫ్ టాక్సు బండితోపాటు వస్తుంది. రెండూ కలిపితే కొత్త కారుపై రూ. 3,21,904 తేడా. అప్పు లేకుండా, బయానా సొమ్ము ముట్టకుండా కొనగల దారి చాలా మందికి ఇదే.

ఇందులో ఒక తూకం తప్పకుండా చూడాలి. 2025 సెప్టెంబరుకు ముందు 29 శాతం పన్నుతో కొన్నవారు తాము పెట్టిన ధర నుంచి తరుగు లెక్క వేసి అడుగుతారు. కొనేవారు ప్రస్తుతం కొత్త కారుకు ఉన్న ధర నుంచి మొదలుపెట్టాలి. మార్కెట్ దిగినప్పుడు గోదాములో పాత సరుకు విలువను కొన్న ధరకు కట్టరు, నడుస్తున్న ధరకే కడతారు. కారు కూడా అంతే.

వాడిన కార్లు అమ్మే రిజిస్టరు వ్యాపారి 18 శాతం జీఎస్టీని తన మార్జిన్‌పై మాత్రమే కట్టాలి. బిల్లులో మొత్తం ధరపై వేస్తే ప్రశ్నించాలి. మామూలు వ్యక్తి తన సొంత కారును మరొకరికి అమ్మితే జీఎస్టీ ప్రసక్తి లేదు. ఫారం 29, 30 పై సంతకాలు, అప్పు ఉంటే తీరినట్లు ఫారం 35, చలానాల బాకీ, ఇన్సూరెన్సు పేరు మార్పిడి పూర్తయ్యే దాకా కొంత సొమ్ము నిలిపి ఉంచడం వర్తక నీతికి విరుద్ధం కాదు.

పొరుగు రాష్ట్రాల కార్లు చవకగా కనిపిస్తాయి. హైదరాబాదు కారు 2014 తర్వాత ఇక్కడికి ఇతర రాష్ట్రపు కారే. పన్నెండు నెలలకు మించి ఉంచితే నిరభ్యంతర పత్రంతో ఇక్కడ తిరిగి రిజిస్టరు చేయించి లైఫ్ టాక్సు కట్టాలి. సరుకు పంపే పని మీద ఢిల్లీ వెళ్లేవారికి అక్కడి పాత కార్లు మరీ చవకగా తగులుతాయి. రాజధాని ప్రాంతంలో డీజిలుకు పదేళ్లు, పెట్రోలుకు పదిహేనేళ్ల గడువును సుప్రీంకోర్టు 2018లో సమర్థించిన తర్వాత మొదలైన అమ్మకాలవి. రవాణా, లైఫ్ టాక్సు, మరమ్మతులు కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో ముందే కాగితంపై వేసుకోవాలి. పన్ను తక్కువని యానాంలో నివాసం లేకుండానే అక్కడి చిరునామాతో రిజిస్టరు చేయించుకోవడం లాభం కాదు. పట్టుబడితే ఇక్కడి పన్నుతోపాటు జరిమానా కట్టాలి.

మొత్తం మీద చిన్న కార్ల ధరలు 2025 పన్ను తగ్గింపుతో ఒక మెట్టు దిగాయి. ఆషాఢపు మందీ వర్తకునికి అనుకూలం. పది లక్షల గీత దాటకపోవడం, ఇన్సూరెన్సును బయట అడగడం, ఏపీఆర్ చూసి అప్పు తీసుకోవడం అందరికీ పనికివచ్చే జాగ్రత్తలు. మామిడి వర్తకుడు వీటికి మరొకటి చేర్చుకోవాలి. షోరూం గడప తొక్కే ముందు రాబోయే డిసెంబరు బయానాల మొత్తాన్ని కాగితంపై వేసి, దానిని రొక్కం నుంచి తీసి పక్కన పెట్టాలి. మిగిలిన దానితో ఎంత కారు వస్తే అదే అతని కారు.